నాయనకు నేను ఎంచిన డాక్టరమ్మ

మా నాయన సుబ్రమణ్యం నగరిలో ముప్పై రెండేళ్ళు పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేశాడు. సొంత మగ్గం లేదు. వేరొకరి షెడ్డులో నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. చూసుకోవడమంటే కూర్చుని చూడటం కాదు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆ నాలుగింటి మధ్య తిరుగుతూనే ఉండాలి. ఒకదానిలో నూలు కండె అయిపోతుంది, ఇంకోదానిలో పోగు తెగుతుంది, మూడోది ఎందుకో అలిగి ఆగిపోతుంది. ఒకరోజు నా పాత ఫోన్ ఆయన జేబులో వేసి పంపి అడుగులు లెక్కపెట్టించాను. పద్దెనిమిది వేల పైచిలుకు వచ్చింది. అంత నడిచిన మనిషికి ఇప్పుడు కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. పోయిన ఆషాఢంలో తిరుపతిలో తీసేశారు.

కోసింది డాక్టర్లే అయినా అంతదాకా తెచ్చింది నేనే. ఈ కథలో దొంగ వైద్యుడెవరూ లేడు. మందులు మాన్పించి ఆకుపసరు తాగించిన బాబా కూడా లేడు. అట్లాంటివాళ్ళనందరినీ నేనే దగ్గరుండి ఏరి పారేశాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

నా పేరు భువనేశ్వరి. శ్రీ సిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. కార్లలో వైర్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు చేస్తాం. నా ముందు నుంచి రోజుకు కొన్ని వేల క్లిప్పులు పోతాయి. వాటిలో మంచిదేదో చెడ్డదేదో చూసి చెప్పడం నా పని. చూపు చాలా పదునని మా సూపర్‌వైజర్ పదిమందిలో అన్నాడు ఒకసారి. ఆ మాట నా తలకెక్కింది. సంతలో వంకాయలు ఎంచేటప్పుడు కూడా నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌నే. మా అమ్మ చౌడేశ్వరమ్మ నాతో సంతకు రావడం మానేసింది.

నాయన పనిచేసిన షెడ్డు గురించి చెప్పాలి. చిన్నప్పుడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని పోయేదాన్ని. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే చోట మాట అనేది ఉండదు. చెవి పక్కన నోరు పెట్టి అరిచినా పెదవులు కదలడమే తప్ప ఏమీ తెలియదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. లేని మీసం దువ్వితే ఓనరు వస్తున్నాడు. రెండు మణికట్లు ఛాతీ ముందు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెడితే వద్దు, ఆపు, చెయ్యి పెట్టొద్దు. ఆ సైగ తెలియనివాళ్ళకు వేళ్ళు మిగలవని నాయన చెప్పేవాడు.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడం కూడా అంతే. నోటితో చెప్పేదేమీ ఉండదు. పాతవాడు ఒకసారి చేసి చూపిస్తాడు, కొత్తవాడు చూసి అట్లాగే చేస్తాడు. అక్కడ ఎవరూ తప్పుగా చేసి చూపించరు. ఎవరైనా నీకు ఒక పని చేసి చూపించారంటే, నువ్వు కూడా అట్లా చెయ్యమనే. నాయన అట్లాగే నేర్చుకున్నాడు, ముప్పై మందికి అట్లాగే నేర్పాడు.

మగ్గాల వీధిలో ఏ ఇంట్లోనైనా మాటలు అరుపులే. పక్కింటివాళ్ళకు మా ఇంటి రహస్యాలన్నీ తెలుసు, మాకు వాళ్ళవి తెలుసు. అందరూ గట్టిగా మాట్లాడే ఇంట్లో ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో ఎట్లా తెలుస్తుంది? నాయన తక్కువ మాటల మనిషి. ఏది చెప్పినా ముఖంలోకి చూసి, తల ఊపి, "సరే మా" అనేవాడు. ఎంత మంచి మనిషో, ఎదురు మాట ఎరగడని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్ళు. నేనూ మెచ్చుకునేదాన్ని.

పోయిన ఏడాది దీపావళి ముందు ఆయనకు షుగర్ బయటపడింది. ఊళ్ళో క్లినిక్ డాక్టర్ మాత్రలు రాసి, తిండి తగ్గించమని, షెడ్డులో తిరిగేది చాలదు, పొద్దున అరగంట గబగబా నడవమని చెప్పాడు. అదే నెలలో నేను కొత్త ఫోన్ కొనుక్కుని పాతది నాయనకు ఇచ్చాను. వారం తిరిగేసరికి ఆ ఫోన్ నిండా షుగర్ వైద్యులే. ఒకాయన ఏడు రోజుల్లో షుగర్ మాయమంటాడు. ఒకామె మెంతులు నానబెట్టిన నీళ్ళు తప్ప లోకంలో మందే లేదంటుంది. హైదరాబాదు పిల్ల ఒకతె పొద్దున్నే అవకాడో తినమంటుంది. నగరి సంతలో అవకాడో అడిగితే అదెవరని అడుగుతారు.

నాకు ఒళ్ళు మండింది. మా నాయన చేతికి ఇట్లాంటి సరుకు రానిస్తానా? కంపెనీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. ఒక నోటుపుస్తకం తీసుకుని గీతలు గీశాను. పేరు, చదువు, ఏం అమ్ముతున్నారు, భయపెడుతున్నారా, మాత్రలు మానమంటున్నారా, మన తిండి గురించి చెబుతున్నారా. కార్తీకమాసమంతా చూశాను. ముప్పై ఏడుమందిని చూసి ముప్పై ఐదుమందికి కొట్టివేత గీత గీశాను. బస్సులో పక్క సీటు పిల్లలు నాకు సంబంధాలు చూస్తున్నారేమో అనుకున్నారు.

చివరికి ఇద్దరు మిగిలినప్పుడు కొంచెం తటపటాయించాను. ఒకరు డాక్టర్ పద్మాక్షి. షుగర్ వైద్యంలో పెద్ద చదువు చదివింది. ఏమీ అమ్మదు. నూలు చీర కట్టుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చుని, పక్కింటి పిన్నమ్మలా నెమ్మదిగా మాట్లాడుతుంది. రాగిసంగటి గురించి, అనపకాయల గురించి చెబుతుంది. వెనక పాటలు లేవు, తెర మీద ఎగిరే బొమ్మలు లేవు. రెండోవాడు రూపేష్ అని జిమ్ము పిల్లోడు. చేతుల్లేని బనియను, చెవికి పోగు, పొడి డబ్బాలు అమ్మకం. వాడు చెడ్డ తిండి చూపించినప్పుడల్లా రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టి కళ్ళు పెద్దవి చేస్తాడు. మంచిదైతే బొటనవేలు ఎత్తి ఒక గంతు వేస్తాడు. తప్పులేమీ చెప్పడు గానీ చూస్తే నాకు కోతి ఆటలా అనిపించింది.

నాయనకు ఇద్దరినీ చూపించాను. పద్మాక్షిగారి వీడియో చూసినంతసేపూ తల ఊపాడు. రూపేష్‌ను చూడగానే పెద్దగా నవ్వాడు.

"ఈ పిల్లోడు బాగుండాడు మా. బాగ సెప్తాడు" అన్నాడు.

"వాడు పొడి అమ్ముకునేవాడు నాయనా! చదువూ లేదు, సంధ్యా లేదు. ఈమె పెద్ద డాక్టరు. ఈమెనే చూడు" అన్నాను.

నాయన ఇంకోసారి ఆ పిల్లోడి వైపు చూశాడు. తర్వాత నా ముఖంలోకి చూసి తల ఊపాడు.

"సరే మా."

రూపేష్‌ను తీసేశాను. మిగతా అందరినీ తీసేశాను. పద్మాక్షిగారు ఒక్కరే మిగిలారు. తా వలచింది రంభ అన్నట్టు, ఆ రోజు బస్సులో నా ఎంపికను చూసుకుని నేనే మురిసిపోయాను. కంపెనీలో నమ్మకమైన చోటు నుంచి వచ్చిన పెట్టెలను కూడా పదింటికి ఒకటైనా విప్పి చూస్తాం. ఈమె వీడియోలు మాత్రం ఎంచేటప్పుడు చూసినవే, తర్వాత ఒక్కటి కూడా నేను విప్పి చూడలేదు. పాస్ అయిన సరుకు కదా.

నాయన మటుకు శ్రద్ధగా చూసేవాడు. షెడ్డులో మగ్గాలు ఆడుతున్నప్పుడే స్తంభానికి ఫోన్ ఆనించుకుని చూసేవాడని తర్వాత తెలిసింది. ఇంట్లో కూడా శబ్దం లేకుండానే చూసేవాడు. అమ్మ నిద్ర చెడుతుందని తగ్గించుకున్నాడనుకున్నాను. ఎంత అణకువగల మనిషో అనుకున్నాను.

"డాక్టరమ్మవి చూస్తాండావా నాయనా?" అని అప్పుడప్పుడూ అడిగేదాన్ని.

"చూస్తాండా మా. అన్నీ ఆయమ్మే చేసి చూపిస్తాది" అనేవాడు.

ఆ జవాబులో నాకు ఏ లోపమూ కనపడలేదు.

సంక్రాంతి దాటిన తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది. క్లినిక్ డాక్టర్ మాత్ర మార్చాడు. ఇంటికి వచ్చి వంటింట్లో డబ్బాలు వెతికితే ఖర్జూరాల పొట్లం, తేనె సీసా దొరికాయి. అమ్మను అడిగితే, "మీ నాయనే తెచ్చుకున్న్యాడు. పొద్దున్నే నాలుగు కర్జూరాలు, ఒక చెంచా తేనె. నువ్వు పెట్టిన డాక్టరమ్మ సెప్పిందంట" అంది. నేను నమ్మలేదు. తీపి మీద ఆశ చంపుకోలేక డాక్టరమ్మ పేరు చెబుతున్నాడు అనుకున్నాను. నాయనను ఎదురుగా నిలబెట్టి పావుగంట అరిచాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

నడక విషయంలోనూ అంతే. పొద్దున ఐదున్నరకు నేను బస్సుకు బయలుదేరేటప్పుడు నాయన చెప్పులు గడప దగ్గరే ఉండేవి. ఇంకా పడుకునే ఉన్నాడనుకునేదాన్ని. సాయంత్రం అడిగితే, "నడస్తానే ఉండా మా, దినామూ" అనేవాడు. చెప్పులు నా కళ్ళముందే ఉంటే ఎట్లా నమ్మాలి? ఒకరోజు పట్టలేక అనేశాను.

"నీకు చెప్పేది చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది నాయనా!"

అది అందరూ అనే మాటే. మా అమ్మ నన్ను అంటుంది, మా టీచర్లు అన్నారు. నాయన నా పెదవుల వైపు చూసి, కొంచెం ఆగి, "సరే మా" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

వైశాఖంలో ఆయన కుడిపాదం వాచింది. నొప్పి లేదన్నాడు. షెడ్డుకు పోయాడు. నాలుగు రోజులకు వాపు చీలమండ దాకా ఎక్కింది. నడక కుంటుగా మారింది. మా వైపు కాలు వాచిందంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఎముకలకు వేసే పుత్తూరు కట్టే. పక్క రాష్ట్రం నుంచి కూడా జనం వస్తుంటే పక్కనే ఉన్న మేము వేరే చోటికి పోతామా? కాలు మడతపడి ఉంటుందని అమ్మ, బెణికి ఉంటుందని నేను. ఆదివారం పుత్తూరు తీసుకుపోయాం.

కట్టు కట్టే ఆయన పేరు మునిరామయ్య. పెద్దవాడు. నాయనను బల్ల మీద కూర్చోబెట్టి, "ఎన్ని దినాలైందప్పా?" అని వంగి పాదం చూస్తూ అడిగాడు. నాయన ఏమీ చెప్పలేదు. ఇంకోసారి అడిగాడు. అమ్మే జవాబు చెప్పింది.

"పది దినాలు సామీ. నొప్పి లేదంటాడు. వాపు మాత్రం ఉండాది."

మునిరామయ్య పాదాన్ని పైకెత్తి అడుగు భాగం చూశాడు. బొటనవేలి కింద నల్లగా ఒక మచ్చ. దాని చుట్టూ వేలితో నొక్కాడు. చీము వచ్చింది, దాంతో పాటు విరిగిన సర్కారు తుమ్మ ముల్లు కొన వచ్చింది. నాయన మాత్రం గోడకు తగిలించిన క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన ముల్లును అరచేతిలో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"షుగర్ ఉండాదా మీ నాయనకి?"

"ఉండాది."

"ఇది ఎముక పని కాదు తల్లీ. నేను దీనికి కట్టు కడితే పాపం కట్టుకున్నట్టే. ఇట్లే తిరుపతికి పోండి. ఇంటికి పోయి గుడ్డలు సర్దుకోని పోతామని అనొద్దండి."

అట్లాగే పోయాం. ఆసుపత్రిలో మొదట ఒక వేలు అన్నారు, తీశారు. తర్వాత పాదం ముందు సగం అన్నారు, తీశారు. చీము పైకి పాకుతూనే ఉంది. వార్డుకూ ఇంటికీ తిరుగుతూ నెలన్నర గడిచాక, ఇక ప్రాణం దక్కాలంటే మోకాలి కింద తీసేయాలన్నారు. ఆ రోజు సర్జను నన్నూ అమ్మనూ పిలిచి సంతకాలు తీసుకుంటూ, "చెప్పుల్లేకుండా నడిచేవాడా?" అని అడిగాడు.

"లేదు సార్. ఆయన అసలు నడవనే నడవడు" అన్నాను.

అమ్మ అడ్డుపడింది. "నడుస్తాడు సార్. దినామూ తెల్లారక ముందే, ఏటి గట్టు మీద, రాళ్ళమీద. వట్టికాళ్ళతోనే. చెప్పులు ఇంటికాడే ఇడిసిపెట్టి పోతాడు. ఫోన్లో డాక్టరమ్మ అట్లే నడవమందంట."

గడప దగ్గర ఉన్న ఆ చెప్పులు నా కళ్ళముందు కదిలాయి. నాయన అబద్ధం చెప్పలేదు. రోజూ నడిచాడు. ఆయన నడిచి వచ్చేలోపు నేను ఆ చెప్పుల్ని దాటుకుని బస్సెక్కి, ఆయన అబద్ధాలకోరని తిట్టుకుంటూ పోయాను.

నా మీద రావలసిన కోపం పద్మాక్షిగారి మీదకు మళ్ళింది. వరండాలో నిలబడే ఆమె పేజీ తెరిచాను. కిందికి తోస్తూ పోతే దొరికింది. మేడ మీద గులకరాళ్ళు పరిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, వట్టికాళ్ళతో వాటి మీద నడుస్తున్న బొమ్మ. ఇంకేం కావాలి? దాని కింద నోటికి వచ్చినట్టు రాశాను. నీ వల్ల మా నాయన కాలు పోయింది, నువ్వు డాక్టరువేనా, నీకు పిల్లలు లేరా అని రాశాను. నన్ను నేను మెచ్చుకుంటూ ఎంచుకున్న మనిషిని వీధిలో నిలబెట్టి తిట్టినట్టు తిట్టాను.

మర్నాడు ఆమె జవాబు ఇచ్చింది. కోపం లేదు అందులో. "అమ్మా, మీ నాన్నగారికి ఇట్లా జరిగినందుకు చాలా బాధగా ఉంది. ఈ వీడియో ఒక్కసారి పూర్తిగా వినండి" అని రాసింది.

అప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రాళ్ళమీద నడుస్తూ ఆమె చెప్పే మాటలివి. "ఇట్లా చెప్పుల్లేకుండా నడిస్తే షుగర్ తగ్గుతుందని చాలామంది చెబుతుంటారు. నాకు షుగర్ లేదు కాబట్టి నడిచి చూపిస్తున్నాను. మీరు మాత్రం ఒక్క అడుగు కూడా వేయకండి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు." ఇంకొంచెం వెనక్కి పోతే ఖర్జూరాల వీడియో కూడా ఉంది. పళ్ళెంలో ఖర్జూరం, తేనె, బెల్లం పెట్టుకుని ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూపిస్తూ, చక్కెర మానేసి ఇవి తింటే మంచిదనుకుని మోసపోవద్దని చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నా తిట్లు తీసేశాను. క్షమించమని రాయడానికి కూడా ముఖం చెల్లలేదు.

ఇంత స్పష్టంగా వద్దంటే నాయన ఎందుకు చేశాడు? మొండితనమా? ఆపరేషన్ అయి కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ కోపం రెండు రోజులు ఉంది.

మూడోరోజు షెడ్డు నుంచి మురుగేష్ మామ వచ్చాడు. నాయన పక్క మగ్గాలు ఆయనవి. ఇరవై ఏళ్ళ జత. మధ్యాహ్నం వార్డు నిశ్శబ్దంగా ఉంది, పైన ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. మురుగేష్ మామ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాయన తెగిన కాలు చూపించి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. మామ లేని మీసం దువ్వి ఏదో చెబితే నాయన నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక నవ్వడం అదే మొదటిసారి. పావుగంట గడిచినా ఇద్దరి నోటి నుంచీ ఒక్క మాట రాలేదు.

మామను బస్సు దాకా సాగనంపుతూ అడిగాను. "ఈడ మగ్గాలు లేవు కదా మామా. నోటితో మాట్లాడొచ్చు కదా?"

ఆయన నన్ను వింతగా చూశాడు.

"మీ నాయనకి ఇనపడక ఆరేండ్లు దాటింది కదా మా. నీకు తెలీదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"షెడ్డులో మాకందరికీ కొంచెం కొంచెం అంతే. మీ నాయనకి పూర్తిగా పోయినాది. పెదాలు సూసి ఇంట్లో నెట్టుకొస్తాండాడు. ఇంటోళ్ళకి సెప్పొద్దు, కూతురికి పెండ్లి కావాల, చెవిటోడి ఇల్లంటారు అన్న్యాడు. నువ్వు సదువుకున్నదానివి, ఎప్పుడో కనిపెట్టి ఉంటావనుకున్న్యానే."

వేల క్లిప్పుల్లో వెంట్రుకంత పగులు కనిపెట్టేదాన్ని. మా నాయన చెవులు నాకు కనపడలేదు. నాయన తమిళం ఐదో తరగతి దాకా చదివాడు, తెలుగు బస్సు బోర్డు మటుకే. వీడియో మీద రాతలు ఆయనకు పనికిరావు. చిన్న తెర మీద, నెమ్మదిగా, పెదవులు సరిగా కదపకుండా మాట్లాడే పద్మాక్షిగారి మాట ఆయనకు ఎట్లా అందుతుంది? ఆయన చూసింది ఒకటే. పెద్ద చదువు చదివిన డాక్టరమ్మ, కూతురు ఏరికోరి పెట్టిన డాక్టరమ్మ, ఖర్జూరం చేతిలోకి తీసుకుని చూపించింది. చెప్పులు విడిచి రాళ్ళమీద నడిచి చూపించింది. షెడ్డులో పాతవాడు చేసి చూపిస్తే కొత్తవాడు ఎట్లా చేస్తాడో ఆయనా అట్లాగే చేశాడు. ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

శ్రావణంలో ఇంటికి తీసుకొచ్చాం. వీధి వైపు గదిలో మంచం వేశాం. చుట్టూ ఇళ్ళలో మగ్గాలు ఆడుతుంటాయి. నాయన కిటికీలోంచి వచ్చిపోయేవాళ్ళను చూస్తూ కూర్చుంటాడు. షెడ్డులో ఆయన నాలుగు మగ్గాలకు వేరే మనిషిని పెట్టుకున్నారు. పెట్టుకోకుండా ఎన్నాళ్ళు ఆపుతారు? ఆ సంగతి మురుగేష్ మామ మీసం దువ్వి, తర్వాత నాలుగు వేళ్ళు చూపించి చెప్పాడు. నాయన తల ఊపాడు.

పోయిన ఆదివారం నేను పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంటే, నాయన తలగడ కింద నుంచి ఫోన్ తీశాడు. వేలితో తోసుకుంటూ పోయి ఒకచోట ఆపి నా ముందు పెట్టాడు. గులకరాళ్ళ వీడియో అది.

"ఇదే మా నేను సూసింది. ఇట్లే నడిచినా. ఈయమ్మ ఎంతసేపు నడిస్తే అంతకి రెండింతలు నడిచినా. అయినా ఎందుకిట్లయింది?"

ఆయన కొంచెం ముందుకు వంగాడు. మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాని మాట అప్పుడు చెప్పాడు.

"నాకు సరిగ్గా ఇనపడదు మా. ఆయమ్మ ఏమి సెప్తాండాదో సెప్పు."

అబద్ధం చెప్పి ఉండవచ్చు. నడవమనే చెప్పింది నాయనా, మన తలరాత ఇట్లా ఉంది అని ఉంటే తల ఊపేవాడు. కాలు తన వల్ల పోలేదని, తను చేయాల్సిందంతా చేశానని, ఆ నెమ్మది ఒక్కటైనా ఆయనకు మిగిలేది. ఆ ఆలోచన వచ్చింది నాకు. కానీ పద్మాక్షిగారి మీద ఆయన కోపం పెంచుకుంటాడేమో, ఊళ్ళో పదిమందికీ రాళ్ళమీద నడవమని నేర్పుతాడేమో. అదీ కాక, ఆయన ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నన్ను ఒక మాట అడిగాడు.

చిక్కుళ్ళ చేట పక్కన పెట్టాను. తెర మీద ఆమె నడుస్తూనే ఉంది. నేను రెండు మణికట్లు ఛాతీ ముందుకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాను.

నాయన నా చేతులను చూశాడు. తెర వైపు చూశాడు. మళ్ళీ నా చేతులను చూశాడు. ఆయన ముఖంలో ఏది ఎప్పుడు అర్థమైందో నాకు స్పష్టంగా కనపడింది. ముందు రాళ్ళు, తర్వాత ఖర్జూరాలు, తర్వాత ఏటి గట్టు. దుప్పటి అంచు లాగి కాలు లేని చోట కప్పుకున్నాడు. నేను ఏడుస్తున్నాను, చేతులు దించడం కూడా మర్చిపోయాను.

చివరికి నా చేతుల వైపే చూపిస్తూ అన్నాడు.

"ఫోన్లో ఆ పిల్లోడు ఇట్లే పెడతా ఉన్న్యాడు కదా మా. నువ్వు ఆ పిల్లోడినే ఉండనిచ్చి ఉండాల్సింది."

ఆ మాటలో కోపం లేదు. మగ్గంలో పోగు ఎక్కడ తెగిందో వెతికి చూపించినట్టు అన్నాడు, అంతే. కోపం ఉంటే ఓర్చుకునేదాన్ని.

"అవును నాయనా" అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూస్తూనే ఉన్నాడు. ఏడుపులో పెదవులు సరిగా కదిలాయో లేదో. గొంతు చించుకుని ఇంకోసారి అన్నాను. ఏమైందోనని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.